నూటికి రెండు

2008 ఏప్రిల్ 7 రాత్రి. కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే కాలేజీ ఊరు. మా అపార్ట్‌మెంట్ హాల్లో పదకొండు మందిమి నేల మీద కూర్చుని టీవీ చూస్తున్నాం. అందరం ఎమ్మెస్ చదవడానికి వచ్చిన తెలుగువాళ్లమే. బాస్కెట్‌బాల్ మాకు చిన్నప్పటి ఆట కాదు. కానీ లారెన్స్‌లో రెండు చలికాలాలు గడిపినవాడికి ఆ ఆట అంటుకోకుండా ఉండదు. 1891లో బాస్కెట్‌బాల్‌ని కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ కొన్నేళ్లకు ఈ ఊరికే వచ్చి, ఇక్కడి జట్టుకి మొదటి కోచ్ అయి, ఇక్కడి మట్టిలోనే కలిశాడు. మేం రోజూ క్లాసులకు వెళ్లే దారికి ఆయన పేరే ఉంది.

ఆ రాత్రి శాన్ ఆంటోనియోలో కాలేజీ జట్ల జాతీయ టోర్నమెంట్ ఫైనల్. ఇటు మా కాన్సస్, అటు మెంఫిస్. టోర్నమెంట్ మొదలవడానికి ముందే తలా అయిదు డాలర్లు వేసుకుని అందరం బ్రాకెట్లు నింపాం. ఏ ఆటలో ఎవరు గెలుస్తారో చివరిదాకా ముందే రాసి పెట్టే పటం అది. మార్చి నెలలో అమెరికాలో ప్రతి ఆఫీసులో, ప్రతి హాస్టల్లో ఆ కాగితం తిరుగుతుంది. నేను మెంఫిస్ అని రాశాను. చదువు చెబుతున్న కాలేజీని కాదన్నానని రూమ్మేట్లు మూడు వారాలు నాతో పోట్లాడారు. ఏడాది మొత్తం మీద ఒక్కటంటే ఒక్క ఆట ఓడిన జట్టు మెంఫిస్. నాకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదనిపించింది.

ఇంకా 2 నిమిషాల 12 సెకన్లు ఉందనగా మెంఫిస్ 60, కాన్సస్ 51. హాల్లో ఎవరూ మాట్లాడటం లేదు. నేను పైకి అనలేదు కానీ, చెప్పానా లేదా అనే గర్వం లోపల నిండిపోయింది. తర్వాత కాన్సస్ ఒక్కో పాయింటూ లాక్కోవడం మొదలుపెట్టింది. చివరి 75 సెకన్లలో మెంఫిస్‌కి అయిదు ఫ్రీ త్రోలు దొరికాయి. ఫ్రీ త్రో అంటే ఎవరూ అడ్డు రాకుండా, పదిహేను అడుగుల దూరం నుంచి, నిలబడి వేసే బంతి. అయిదులో నాలుగు పోయాయి. 2.1 సెకన్లు మిగిలి ఉండగా మారియో చామర్స్ వేసిన మూడు పాయింట్ల బంతి ఇప్పటికీ నా కళ్ల ముందు గాల్లోనే ఉంటుంది. 63-63. అదనపు సమయంలో 75-68తో కాన్సస్ గెలిచింది.

ఊరంతా మసాచుసెట్స్ వీధిలోకి వచ్చేసింది. మేమూ పరిగెత్తాం. ముక్కూమొహం తెలియని వాళ్లు కౌగిలించుకున్నారు. నా అంచనా తప్పింది, నా అయిదు డాలర్లు పోయాయి, నా సంతోషానికి మాత్రం అంతు లేదు. ఆ రెండూ ఒకే మనిషిలో అంత సులువుగా ఇమడటం ఎంత అపురూపమో అప్పుడు నాకు తెలియదు.

తెల్లవారుజామున నిద్ర పట్టక లెక్క వేశాను. మెంఫిస్ ఆ ఏడాది ఫ్రీ త్రోల్లో పదికి ఆరు వేసే జట్టు. ఆ బలహీనత గురించి పత్రికలు ముందునుంచీ రాస్తూనే ఉన్నాయి. నేను గెలుపోటముల గడి చూసి ఆగిపోయాను, ఫ్రీ త్రోల గడి దాకా పోలేదు. జట్టు సగటునే తీసుకుంటే, అయిదింట్లో ఒక్కటే వేయడానికి అవకాశం నూటికి ఎనిమిది కన్నా కాస్త తక్కువ. మరి అయిదుకు అయిదూ వేయడానికి? అదీ దాదాపు అంతే. ఏది జరిగినా ఆశ్చర్యపోవాల్సింది ఒకేలాగ అన్నమాట. అయిదూ పడి ఉంటే ఎవరూ వింత అనేవారు కాదు, బలమైన జట్టు గెలిచిందని సరిపెట్టుకునేవారు. ఆ తెల్లవారుజామున పట్టుకున్న నోటుపుస్తకం పదిహేనేళ్లు దాటినా నన్ను వదల్లేదు.

గెలిచేదెవరో చెప్పడంలో ఉన్న విద్య ఏమిటో చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువే తెలిసింది ఈ కాలంలో. పాతకాలంలో ఒక జట్టు ఆటకి 80 పాయింట్లు వేస్తే దాన్ని గొప్పదనేవారు, 60 వేస్తే తక్కువదనేవారు. కానీ ఒక జట్టు ఉరుకుతూ ఆడుతుంది, ఇంకొకటి బంతిని అరచేతిలో పెట్టుకుని నిదానంగా ఆడుతుంది. ఉరికే జట్టుకి బంతి ఎక్కువసార్లు చేతికొస్తుంది, అంతే. అందుకని బంతి చేతికొచ్చిన ప్రతి వంద సార్లకూ ఎన్ని పాయింట్లు వేశారు, ఎన్ని ఇచ్చారు అని లెక్కించాలి. ఎదుటి జట్టు ఎంత గట్టిదో చూసి ఆ అంకెని సరిదిద్దాలి. కాలేజీ జట్లన్నిటికీ ఈ లెక్క కట్టి పేరు తెచ్చుకున్నవాడు కెన్ పామరాయ్. ఆయన వాతావరణ శాస్త్రవేత్తగా పనిచేసినవాడు. ఆ సంగతి నాకు చాలా నచ్చుతుంది. వాన పడుతుంది, పడదు అని తేల్చేయకుండా, రేపు వాన పడే అవకాశం నూటికి ముప్పై అని చెప్పడం నేర్చిన వృత్తి అది. డీన్ ఆలివర్ 2004లో రాసిన పుస్తకంలో గెలుపుని నాలుగు సంగతులుగా విడగొట్టాడు: బంతి ఎంత బాగా వేస్తున్నారు, ఎన్నిసార్లు పోగొట్టుకుంటున్నారు, తప్పిపోయిన బంతిని ఎన్నిసార్లు తిరిగి అందుకుంటున్నారు, ఫ్రీ త్రో గీత దగ్గరికి ఎంత తరచుగా వెళ్లి ఎన్ని వేస్తున్నారు. నాలుగోదే ఆ రాత్రి మెంఫిస్‌ని ముంచింది. సొంత గడ్డ మీద ఆడే జట్టుకి రెండు మూడు పాయింట్లు ముందే కలిపిపెట్టుకోవాలి. టోర్నమెంట్‌లో ఎవరికీ సొంత గడ్డ లేదు కాబట్టి అది తీసేయాలి. ఇదంతా ఓపికగా చేస్తే, ఎవరు గెలుస్తారన్న ప్రశ్నకి పదికి ఏడు సార్లకు పైగా సరైన జవాబు వస్తుంది.

ఈ లెక్కలు వేస్తున్నప్పుడల్లా నాకు అరణ్యపర్వంలోని నలోపాఖ్యానం గుర్తొస్తుంది. బాహుకుడి వేషంలో నలుడు రథం తోలుతుంటే, ఋతుపర్ణ మహారాజు దారిలో ఒక తానిచెట్టుని చూసి దాని ఆకులూ కాయలూ ఎన్నో చెప్పేస్తాడు. నలుడు నమ్మడు. రథం ఆపి, చెట్టు కొట్టి, కాయలు లెక్కపెడతాడు. రాజు చెప్పింది చెప్పినట్టు ఉంటుంది. కొమ్మని చూసి చెట్టుని చెప్పే ఆ విద్యే అక్షహృదయం, పాచికల మర్మం. పూర్వం పాచికలుగా వాడినవీ తానికాయలేనంటారు. ఇన్నాళ్లూ ఈ కథలో నన్ను కట్టిపడేసింది లెక్క. తర్వాత జరిగింది పట్టించుకోలేదు. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

కొమ్మని చూసి చెట్టుని చెప్పొచ్చు. చెట్టు నుంచి రేపు రాలబోయే ఒక్క కాయ ఏదో చెప్పలేం. బ్రాకెట్ అడిగేది ఆ రెండోది. 64 జట్లు, 63 ఆటలు. ఒక్కో ఆటకి రెండు దారులు. మొత్తం ఎన్ని రకాలుగా నింపవచ్చో తెలుసుకోవడానికి మనకి చదరంగం కథ చాలు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు అంటూ పోతే 64వ గడిలో ఎన్ని గింజలు పెట్టాలో సరిగ్గా అన్ని బ్రాకెట్లు సాధ్యం. 92 వేల కోటి కోట్లకు పైమాటే. ప్రతి ఆటా పదికి ఏడు సార్లు సరిగ్గా చెప్పగల నేర్పరికి కూడా 63కి 63 కుదిరే అవకాశం దాదాపు 570 కోట్లలో ఒకటి. 2014లో వారెన్ బఫెట్ అండతో ఒక కంపెనీ తప్పులేని బ్రాకెట్‌కి వంద కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటించింది. ఎవరికీ రాలేదు. 2019లో ఒహాయోకి చెందిన ఒక మనిషి వరసగా మొదటి 49 ఆటలు సరిగ్గా చెప్పాడు. నిర్ధారణ అయిన వాటిలో అదే అతి పొడవైన వరస. ఆ వరస యాభయ్యో ఆటలో తెగింది.

ఒక్క ఆట ఎంత చిన్నదో 1985 ఫైనల్ చూస్తే తెలుస్తుంది. తమ విభాగంలో ఎనిమిదో స్థానంలో పెట్టిన విలనోవా, దేశంలోకెల్లా బలమైన జార్జ్‌టౌన్‌ని 66-64తో ఓడించింది. ఆ రాత్రి విలనోవా పిల్లలు 28 సార్లు బంతి వేస్తే 22 సార్లు పడింది. మామూలు రోజున సగం పడితే మంచి ఆట అంటారు. అదే రెండు జట్లు మర్నాడు మళ్లీ ఆడితే, ఎల్లుండి మళ్లీ ఆడితే? వృత్తి క్రీడాకారుల ఎన్‌బీఏలో ఏడు ఆటల్లో ఎక్కువ గెలిచినవాడిది ముందడుగు, కాబట్టి అదృష్టం కొట్టుకుపోతుంది. కాలేజీ పిల్లలకు ఒక్కటే ఆట. ఓడితే ఇంటికి. మార్చి నెలలో అంత పిచ్చి పుట్టేది దానివల్లే, నాకు ఇష్టమూ దానివల్లే.

డబ్బు సంగతి చెప్పాలి. చాలా ఏళ్లు ఆటల మీద పందెం అంటే దేశం మొత్తం మీద ముఖ్యంగా నెవాడాయే. 1992 నాటి కేంద్ర చట్టం మిగతా రాష్ట్రాల చేతులు కట్టేసింది. 2018 మే 14న సుప్రీం కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం తలుపు తెరిచింది. మా కాన్సస్‌లో 2022 సెప్టెంబర్ 1న మొదలైంది. ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, ఎవరినీ కలవక్కర్లేదు, ఫోన్ తీస్తే చాలు. పద్నాలుగేళ్ల నోటుపుస్తకాలు ఉన్నవాడిని, దిగాను.

దిగాక అర్థమైంది, వాళ్లడిగే ప్రశ్న వేరని. ఎవరు గెలుస్తారు అని కాదు, ఎంత తేడాతో గెలుస్తారు అని అడుగుతారు. దాన్ని స్ప్రెడ్ అంటారు. చికాగోలో గణితం చదువుకున్న చార్లెస్ మెక్‌నీల్ 1940లలో దాన్ని పుట్టించాడని చెబుతారు. బలమైన జట్టు మీద కాసినవాడు గెలవాలంటే ఆ జట్టు ఇరవైరెండున్నర పాయింట్లు దాటి గెలవాలి, తక్కువతో గెలిస్తే డబ్బు పోయినట్టే. ఆ అంకెని దిద్దేది ఒక్కడు కాదు. పామరాయ్ లెక్క, ఆటగాడి మడమ నొప్పి, జట్టు రాత్రి ప్రయాణం, అన్నీ తెలిసిన వేలమంది డబ్బు పోసి దాన్ని అటూ ఇటూ జరుపుతారు. నాకు తెలిసినదంతా ఆ అంకెలో ముందే ఉంటుంది. పైగా వంద గెలవడానికి నూట పది పెట్టాలి. నూటికి యాభై సరిగ్గా చెప్పినవాడు నష్టపోతాడు. నష్టం లేకుండా నిలబడటానికే నూటికి యాభైరెండున్నర దాకా కావాలి. ఆటల ఫలితాలు ఆ అంకెకి ఎంత దూరంలో పడతాయో చూస్తే, సుమారు మూడింట ఒక వంతు పది పాయింట్లకు పైగా దూరంలో పడతాయి. అంత గాలిలో యాభైకీ యాభైరెండున్నరకీ మధ్య ఉన్న సందుని పట్టుకుని బతకాలి. అలా బతికేవాళ్లు ఉన్నారు, చాలా కొద్దిమంది. వాళ్ల చదువు ముందు తల వంచుతాను.

స్ప్రెడ్ ఇంకో పని కూడా చేసింది. ఓడిపోకుండానే అమ్ముడుపోయే వీలు కల్పించింది. న్యూయార్క్ సిటీ కాలేజీ జట్టు 1950లో అప్పటి రెండు పెద్ద టోర్నమెంట్లనూ ఒకే ఏడాది గెలిచింది. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఆ పని చేసినవాళ్లు లేరు. మరుసటేడు ఆ జట్టు పిల్లల్ని పోలీసులు అరెస్టు చేశారు. డబ్బు తీసుకుని పాయింట్ల తేడాని అనుకున్న అంకెకి లోపల ఉంచారని అభియోగం. ఊరి పిల్లలు, పేద ఇళ్ల పిల్లలు, ఫీజు లేని కాలేజీలో చదువుకున్నవాళ్లు. కాలేజీకి మళ్లీ ఆ వైభవం రాలేదు. గెలుస్తూనే ఎవరినీ మోసం చేయనట్టు అనిపించే మోసం అది. పందొమ్మిదేళ్లవాడి ముందు అంత నున్నటి దారి వేసినవాళ్ల మీద నాకు కోపం, జారిన పిల్లల మీద కాదు.

పందెం నాకు అమెరికాలో కొత్తగా తెలిసింది కాదు. మాది భీమవరం పక్కన ఊరు. మా తాతయ్య దగ్గర కోడిపందేల పుస్తకం, కుక్కుట శాస్త్రం ఉండేది. ఏ వారం, ఏ నక్షత్రం, ఏ దిక్కు నుంచి దింపితే డేగ గెలుస్తుందో, కాకి గెలుస్తుందో, నెమలి గెలుస్తుందో అందులో ఉంటుంది. సంక్రాంతికి ముందు జనం వచ్చి అడిగేవారు. ఆయన పుస్తకం చూసేవాడు, కానీ పుస్తకంతో ఆగేవాడు కాదు. పుంజుని తెమ్మని రెండు చేతుల్లోకి తీసుకుని, తొడలు తడిమి, బరువు చూసి, చాలాసేపు దాని కళ్లలోకి చూసి అప్పుడు చెప్పేవాడు. బరి దగ్గర ఒక్క రూపాయి కాసింది నేను చూడలేదు. ఎందుకు కాయవు తాతయ్యా అంటే, "కాశాక పుంజు కనపడదురా నాన్నా, డబ్బే కనపడుద్ది" అన్నాడు. పదేళ్లవాడిని, అది పిసినారితనం అనుకున్నాను.

2022 నవంబర్‌లో ఒక రాత్రి ఆలెన్ ఫీల్డ్‌హౌస్‌లో ఉన్నాను. 1955లో కట్టిన కట్టడం, అప్పట్లో 16,300 మంది పట్టేవారు, లోపల అరుపు ఇనుప దూలాల్లోంచి ఒంట్లోకి దిగుతుంది. ఎదుటిది చిన్న కాలేజీ. స్ప్రెడ్ ఇరవైరెండున్నర. కాన్సస్ మీద నూట పది డాలర్లు పెట్టాను. రెండు నిమిషాలు ఉండగా కాన్సస్ ఇరవైఏడు పాయింట్లు ముందుంది. కోచ్ బెంచి మీది పిల్లల్ని ఆటలోకి దింపాడు. వాళ్లలో స్కాలర్‌షిప్ లేకుండా సొంత డబ్బుతో చదువుకుంటూ, రోజూ పెద్ద ఆటగాళ్లకు ప్రాక్టీసులో ఎదురు నిలబడి దెబ్బలు తినేవాళ్లు ఉంటారు. ఏడాదికి ఇలాంటి రెండు మూడు నిమిషాలే వాళ్లవి. వాళ్లకు బంతి అందినప్పుడల్లా హాలంతా లేచి నిలబడుతుంది. నేను కూర్చుని ఉన్నాను. తేడా ఇరవైఅయిదు, ఇరవైనాలుగు. వాళ్లు బంతి పోగొట్టుకున్నప్పుడల్లా నా పళ్లు కరుచుకున్నాయి. చివరి సెకన్లో ఎదుటి జట్టులో సన్నటి కుర్రాడొకడు చాలా దూరం నుంచి బంతి విసిరాడు. పడింది. ఇరవైఒకటి.

కాన్సస్ జనం ఆ కుర్రాడికి చప్పట్లు కొట్టారు. వాడు చేతులు ముఖం మీద పెట్టుకుని నవ్వుతున్నాడు. బస్సులో ఎంతో దూరం వచ్చి, ఇంత పెద్ద హాల్లో వేసిన బంతి, బతికినన్నాళ్లూ చెప్పుకుంటాడు. హాలంతా మా కాలేజీ పాత నినాదాన్ని నెమ్మదిగా పాడుతోంది. నా పక్కన, నలభై ఏళ్లుగా అదే సీట్లో కూర్చుంటున్న పెద్దాయన నా వైపు తిరిగి, భుజం మీద చెయ్యేసి అడిగాడు, ఇంట్లో అందరూ బాగున్నారా అని. ఎవరో పోయారనుకున్నాడు ఆయన, నా ముఖం చూసి.

బాగానే ఉన్నారండీ అన్నాను. ఆ రాత్రి నూట పది డాలర్ల గురించి నేను బాధపడలేదు. ఆ సన్నటి కుర్రాడు బంతి విసిరిన క్షణంలో, అది పడకూడదని నా ఒళ్లంతా కోరుకుంది. దాని గురించి బాధపడ్డాను. నాకంటే ఇంకొంచెం దూరం వెళ్లినవాళ్లు ఆ కుర్రాడి ఫోన్ వెతికి తిట్లు పంపుతారు. ఇది ఊహ కాదు, కాలేజీ ఆటగాళ్లు ఏళ్లుగా చెప్పుకుంటున్న గోడు. ఒక్కో ఆటగాడి మీద విడివిడిగా కాసే పందేలైనా ఆపమని 2024లో కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ అధ్యక్షుడు చార్లీ బేకర్ రాష్ట్రాలను అడిగాడు. కొన్ని ఆపాయి. అన్నీ ఆపాలని నా మనసు.

ఋతుపర్ణుడి కథలో తర్వాతి ముక్క నాకు ఆ రోజుల్లోనే తిరిగి తగిలింది. అక్షహృదయం చేతికందిన మరుక్షణం, నలుడిని పట్టి జూదంలో ముంచిన కలి అతని ఒంట్లోంచి బయటికొచ్చి ఆ తానిచెట్టులో దూరతాడు. నలుడు తర్వాత, జూదంలో తనను ఓడించిన పుష్కరుడితో మళ్లీ ఆడి రాజ్యం గెలుచుకుంటాడు, నిజమే. కానీ కలి వదిలింది గెలిచినప్పుడు కాదు. చెట్టు కింద కాయలు లెక్కపెట్టి, లెక్క సరిపోయి, ఆ విద్య అందినప్పుడు. నేను వరస తిరగేశాను. పద్నాలుగేళ్లు లెక్క నేర్చుకుని, తర్వాత కలిని ఇంట్లోకి పిలిచాను.

అప్లికేషన్ ఫోన్లోంచి తీసేశాను. నోటుపుస్తకం తీసేయలేదు.

ఈ విద్యలో నాకు గురువెవరంటే, లయోలా చికాగో జట్టు చాప్లిన్ సిస్టర్ జీన్ పేరు చెబుతాను. 1919లో పుట్టిన ఆమె 1994 నుంచి ఆ జట్టుకి తోడుండి, ఆటకి ముందు పిల్లలతో ప్రార్థన చేయించి, ఎదుటి జట్టు బలాలూ లోపాలూ కూడా చెప్పేది. 2018లో లయోలా పదకొండో స్థానం నుంచి బయల్దేరింది. 64-62, 63-62, 69-68. మూడు ఆటలు కలిపి నాలుగే నాలుగు పాయింట్ల తేడా. నాలుగోది మాత్రం తేలిగ్గా గెలిచి చివరి నాలుగు జట్లలో నిలిచింది. ఆ ఏడాది సిస్టర్ జీన్ నింపిన బ్రాకెట్లో తన పిల్లలు మూడో ఆటలో ఓడిపోతారని రాసి ఉంది. తొంభై ఎనిమిదేళ్ల మనిషి. ఆ పిల్లల కోసం రోజూ ప్రార్థించే మనిషి. అయినా కాగితం మీద తనకు నిజమనిపించిందే రాసింది. ఆ మూడో ఆట గెలిచిన రాత్రి ఆమె చక్రాల కుర్చీ చుట్టూ పిల్లలు మూగినప్పుడు, తన అంచనా తప్పిన సంతోషం ఆమె ముఖంలో వెలిగింది. 2025 అక్టోబర్‌లో, నూట ఆరేళ్ల వయసులో ఆమె వెళ్లిపోయింది. పందెం కాసినవాడు అన్నీ కొనుక్కోగలడు, తప్పైనందుకు కలిగే ఆ సంతోషం తప్ప. నేను దాన్ని 2008లో మసాచుసెట్స్ వీధిలో అనుభవించి, పోగొట్టుకున్నాను.

2023 మార్చి 17, శుక్రవారం రాత్రి. ఒహాయోలోని కొలంబస్‌లో ఒకటో స్థానం పర్డ్యూ, పదహారో స్థానం ఫెయిర్లీ డికిన్సన్. పర్డ్యూలో జాక్ ఈడీ ఏడడుగుల నాలుగంగుళాలు. ఫెయిర్లీ డికిన్సన్ దేశంలోని పై తరగతి జట్లన్నిటిలోకీ పొట్టిది. తన సొంత లీగ్ టోర్నమెంట్ కూడా అది గెలవలేదు. గెలిచిన జట్టుకి ఇంకా అర్హత రాలేదు కాబట్టి ఈ పిల్లలకు చోటు దొరికింది. ఒకటో స్థానం మీద పదహారు గెలవడం అప్పటికి ఒక్కసారే జరిగింది, 2018లో వర్జీనియా మీద. నోటుపుస్తకంలో పర్డ్యూ పక్కన 98 అని పెన్సిల్‌తో రాశాను. ఇప్పటికీ అది సరైన అంకేనని అంటాను. 1985 నుంచి 2025 దాకా అలాంటి ఆటలు 160 జరిగితే ఓడినవి రెండే.

రెండో సగంలో పొట్టి పిల్లలు ఈడీ చుట్టూ ముందొకడు వెనకొకడు నిలబడి, బంతి అందకుండా చేస్తూ, అందినా కదలకుండా చేస్తూ, గడియారాన్ని కరిగించేశారు. నా మోకాళ్లు వాటంతటవే లేచాయి. ఆఖరి నిమిషంలో పర్డ్యూ దూరం నుంచి వేసిన బంతి పడలేదు. 63-58. ఆ పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడుతున్నారు. మా ఇంటి హాల్లో, టీవీ ముందు నేనొక్కణ్నే, నిలబడి ఉన్నాను, చేతిలో పెన్సిలుంది, చప్పట్లు కొడుతున్నాను.